మాత్ర మీది పొర ఎక్కడ మెత్తబడుతుంది?

ఒకప్పుడు మాత్రకు పూత అంటే చక్కెర పూతే. తిరిగే పాన్‌లో మాత్రలు దొర్లుతుంటే పనివాడు గరిటెతో పాకం పోసి, చేత్తో కలిపి, వేడిగాలితో ఆరబెట్టి, మళ్లీ పోసేవాడు. రోజుల తరబడి సాగే ఆ పనిలో మాత్ర బరువు ఒక్కోసారి రెట్టింపయ్యేది. 1954లో అమెరికాకు చెందిన అబ్బాట్ సంస్థ పలుచని పాలిమర్ పొర వేసిన టాబ్లెట్లను మార్కెట్లోకి తెచ్చింది. దాంతో పని గంటల్లోకి, పూత బరువు రెండు మూడు శాతానికి దిగాయి.

అయితే ఆ పాలిమర్లను మెథిలీన్ క్లోరైడ్, ఆల్కహాల్ వంటి ద్రావకాల్లో కరిగించాల్సి వచ్చేది. 1970లో అమెరికా గాలి కాలుష్య చట్టాన్ని బిగించాక కంపెనీలు నీటివైపు మళ్లాయి. అసలు చిక్కు అక్కడే మొదలైంది. అలాంటి పాలిమర్లలో ఒకటైన ఇథైల్ సెల్యులోజ్ నీటిలో కరగదు. సన్నని రేణువులుగా తేలుతుంది. నీరు ఆరిపోయాక ఆ రేణువులు మెత్తబడి ఒకదానిలో ఒకటి కలిస్తేనే పొర అవుతుంది. కానీ ఆ పాలిమర్ గట్టిదనం వదిలేది దాదాపు 130 డిగ్రీల దగ్గర. మందును అంత వేడి చేయలేం. అందుకే ట్రైఇథైల్ సిట్రేట్ వంటి ప్లాస్టిసైజర్ కలిపి ఆ హద్దును కిందికి దించుతారు. తక్కువైతే పొరలో సందులు మిగిలి మందు తొందరగా బయటపడుతుంది. ఎక్కువైతే మాత్రలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఇంకో బెడద కూడా ఉంది: సగం కలిసిన రేణువులు సీసాలో ఉండగానే నెలల తరబడి కలుస్తూపోయి, మందు విడుదలను మందగింపజేస్తాయి.

ప్లాస్టిసైజర్ ఎంత కలపాలో చూపే పరికరం అప్పటికే ఉంది. 1960ల మొదట్లో పెర్కిన్-ఎల్మర్ సంస్థలో ఎమ్మెట్ వాట్సన్, మైకేల్ ఓనీల్ దాన్ని రూపొందించారు. పేరు డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరీమీటర్. కొన్ని మిల్లీగ్రాముల పొరను చిన్న అల్యూమినియం పాన్‌లో పెట్టి మూత నొక్కుతారు. పక్కన ఖాళీ పాన్. రెండింటినీ ఒకే ఉష్ణోగ్రతలో నిలపడానికి ఏ వైపు ఎంత ఎక్కువ కరెంటు పట్టిందో యంత్రం రాస్తుంది. పొర గట్టిదనం వదిలేచోట గీత ఒక చిన్న మెట్టు దిగుతుంది.

ఆ మెట్టును చూడటం తేలిక కాదు. పొరలో మిగిలిన తేమ ఆవిరవుతూ గీతలో పెద్ద గుంట చేస్తుంది, మెట్టు అందులో మునిగిపోతుంది. కాబట్టి ఒకసారి వేడిచేసి, చల్లార్చి, మళ్లీ వేడిచేస్తారు. రెండోసారి మెట్టు తేటగా కనిపిస్తుంది. కానీ అప్పటికి తేమతోపాటు ఆ పొర ఎలా ఆరింది, రేణువులు ఎంతవరకు కలిశాయన్న చరిత్రా చెరిగిపోతుంది. రోగి మింగేది ఆ మొదటి స్థితిలోని పొరనే. అందుకే నా మట్టుకు మొదటి గీతను పక్కన పడేయడం పెద్ద నష్టం.

ఈ ముడిని విప్పే దారి రంగుల కంపెనీ నుంచి వచ్చింది. 1990ల మొదట్లో ఐసీఐ పెయింట్స్‌లో పనిచేస్తున్న మైక్ రీడింగ్, ఉష్ణోగ్రతను తిన్నగా పెంచకుండా చిన్న చిన్న అలలుగా పెంచే పద్ధతి తెచ్చారు. మెట్టు అలలతోపాటు కదులుతుంది, ఆవిరి కదలదు. ఆ తేడాతో తేమ గుంటను ఒక గీతగా, పొర మెట్టును ఇంకో గీతగా మొదటి వేడిలోనే విడదీయవచ్చు.