కనుఱెప్ప చెప్పిన సంగతి

పుండు నాకుకొను కుక్కను జూచి మనము చీదరించుకొందుము. చర్మవృద్ధి రహస్యము తొలుత బయలుపడినది లాలాజలగ్రంథినుండియే గదా!

రీటా లేవీ మోంటాల్చీనీ యను విదుషితో గలసి నాడులను బెంచు పదార్థమును వెదకుచుండిన స్టాన్లీ కోహెన్, ఎలుకల లాలాజలగ్రంథిసారమును అప్పుడే పుట్టిన పిల్లలకు సూదితో నెక్కించెను. రెండు వారములకు విచ్చుకొనవలసిన కన్నులు వారమునకే విచ్చుకొనెను. పండ్లును ముందే మొలిచెను. వెదకనిది దొరకినప్పుడు పారవేయువారే పలువురని మా తలంపు. ఆయన 1959లో నాష్‌విల్ జేరి, 1962లో ఆ పదార్థమును వేఱుపఱచెను.

అది కణముపైనున్న గ్రాహకమును దాకగా, గ్రాహకము టైరోసినునకు ఫాస్ఫేటును దగిలించి లోనికి వార్త నంపునని 1980లో తేలెను. గాయపుటంచునందలి కణములు ఇట్టి వార్తలచేత విభజనము నొంది, ప్రాకి, పుండును గప్పును. 1986లో ఇరువురకును నోబెల్ బహుమానము వచ్చెను. అదే వార్త నిలువక సాగినచో క్యాన్సరు పుట్టవచ్చును. దాని నడ్డగించు మందులు వాడు రోగులకు చర్మముపై పొక్కులు లేచుటకు గారణ మిదియే.