నల్లి ఛాయాచిత్రంలో ఏ అవయవం ఏది?

ఆరుద్ర కార్తెలో చేలలో కనిపించే ఎర్రని మఖ్మలు వంటి ఆరుద్ర పురుగును ఎరుగని పల్లె లేదు. అది కీటకం కాదు, నల్లి జాతి జీవి. పైరును పీల్చే ఎర్రనల్లి దానికి దూరపు బంధువు. మంచపు నల్లి మాత్రం వేరు. అది ఆరు కాళ్ల కీటకం.

ఈ శాస్త్రానికి బెంగుళూరు పేరుగాంచిన చోటు. భారతదేశపు ఎరియోఫిడ్ నల్లులపై జి.పి. చన్నబసవణ్ణ రచించిన గ్రంథాన్ని అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం 1966లో ప్రచురించింది. ఏడవ అంతర్జాతీయ నల్లి శాస్త్ర మహాసభ 1986లో ఆ నగరంలోనే జరిగింది.

భూతద్దం తగిలించి తీసిన చిత్రంలో మొదట వెతకవలసినది నడుము. సాలీడుకు నడుము సన్నగా ఉంటుంది; నల్లి దేహమంతా ఒకే సంచి. ముందున్న మొనను తల అనుకోవడం సహజమే గాని, అది నోరు మాత్రమే. మెదడు వెనుకనున్న సంచిలోనే ఉంటుంది. మొనకు ఇరువైపులా చిన్న చేతుల వంటి పెడిపాల్పులు ఉంటాయి. వాటిని కాళ్లతో కలిపి లెక్కించరాదు. ఎదిగిన నల్లికి ఎనిమిది కాళ్లు, గుడ్డు నుండి వెలువడిన పిల్లకు ఆరే. కనుక ఆరు కాళ్లు చూడగానే కీటకమని తీర్మానించక, మీసాలున్నాయేమో చూడాలి. నల్లికి మీసాలు లేవు. ముందు కాళ్లు చాచి తడుముకుంటుంది.

రెండు చుక్కల నల్లి వీపుపై నల్లని మచ్చలు కళ్లు కావు. తిన్న ఆహారమే పలుచని చర్మం గుండా అట్లా కనబడుతుంది. భుజాల వద్దనున్న ఎర్రని చుక్కలే కళ్లు.

1998లో కేరళలో నమోదై పొరుగు రాష్ట్రాలకు పాకిన కొబ్బరి నల్లి ఈ లెక్కలకు లొంగదు. పొడవు సుమారు పావు మిల్లీమీటరు. మూతి దగ్గర నాలుగే కాళ్లు. తక్కినదంతా ఉంగరాలు పేర్చిన వానపాము వలె ఉంటుంది. ఫోను చిత్రానికి అది చిక్కడం కష్టం. కాయ ముచ్చిక కింద తెల్లని త్రికోణపు మచ్చ, పిమ్మట గోధుమరంగు పగుళ్లే దాని ఆనవాళ్లు.

మిరపాకు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి అని రైతులు ఎరుగుదురు. ఒకే చేలో రెండూ ఉన్నప్పుడు చిత్రమే తేల్చాలి. ఎందుకనగా కీటకాలకు పనిచేసే మందులెన్నో నల్లిపై పనిచేయవు. ఆ డబ్బు నేలపాలే. పైగా సింథటిక్ పైరిత్రాయిడ్లు నల్లిని తినే మిత్రనల్లిని చంపి, బెడదను పెంచుతాయి. మిత్రనల్లి దేహం బేరిపండు ఆకారంలో మెరుస్తుంది. కాళ్లు పొడవు, కళ్లు లేవు. ఆగక పరుగెత్తుతుంది కనుక చిత్రంలో తరచు మసకగా పడుతుంది. అట్టి చిత్రం వస్తే, మందు కలపక ముందు మరి నాలుగు ఆకులు తిప్పి చూడాలి.