మాట వెనుక కథ: ఎన్యూరిజం

ఎన్యూరిజం అన్న మాట చెవిన పడగానే ‘న్యూరో’ గుర్తొచ్చి, ఇదేదో నరాల జబ్బు అనుకుంటారు చాలామంది. నిజానికి ఇది రక్తనాళానికి వచ్చే జబ్బు. గ్రీకులో ‘యూరుస్’ అంటే వెడల్పు. దాన్నుంచి పుట్టిన ‘అన్యూరుస్మా’ అంటే వెడల్పు కావడం. ధమని గోడ బలహీనపడిన చోట బుడగలా ఉబ్బితే అదే ఎన్యూరిజం.

మరి నరానికి సంబంధమే లేదా అంటే, ఉంది. మెదడు అడుగున ఆ బుడగ మూడో కపాల నరాన్ని నొక్కితే ఆ వైపు కనురెప్ప వాలిపోతుంది. కనుగుడ్డు బయటికి, కిందికి తిరుగుతుంది. కనుపాప పెద్దదవుతుంది. 1937లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో వాల్టర్ డాండీ ఇలాంటి రోగికే పుర్రె తెరిచి, బుడగ మెడకు చిన్న వెండి క్లిప్పు బిగించారు. ఇప్పుడు టైటానియం క్లిప్పులు వచ్చాయి. ధమని గుండా సన్నని గొట్టం పంపి, బుడగను కాయిల్‌తో నింపే పద్ధతీ ఉంది. నరం మీద ఒత్తిడి పోయాక రెప్ప మళ్లీ లేవడానికి నెలలు పట్టవచ్చు.

రెప్ప హఠాత్తుగా వాలి, తలనొప్పి తీవ్రంగా ఉంటే రేపు చూద్దాంలే అనుకోవద్దు. బుడగ పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.