మహాసభలకు తపాలా ముఖాలు

1964 డిసెంబరు 2న ఆరవ పౌలు పోపుగారు అంతర్జాతీయ దివ్యసత్ప్రసాద మహాసభ కోసం బొంబాయిలో దిగారు. మన గడ్డ మీద కాలుపెట్టిన తొలి పోపు ఆయనే. ఆ రోజే వాటికన్ ఒక నాలుగు బిళ్ళల సెట్టు, మన తపాలా శాఖ ఒక బిళ్ళ విడుదల చేశాయి. వాటికన్ బిళ్ళల్లో ప్రార్థనలో ఉన్న పోపు, ఓవల్ మైదానంలో సభ కోసం కట్టిన బలిపీఠం, గేట్‌వే ఆఫ్ ఇండియా, భారతదేశ పటం మీద నడిచి వస్తున్న పోపు కనిపిస్తారు. మన 15 పైసల బిళ్ళ మీద పోపూ లేరు, సభా లేదు. ఉన్నది అపొస్తలుడు తోమా. ఇటలీలోని ఒర్తోనా దేవాలయంలోని ప్రతిమను చూసి గీసిన బొమ్మ అది. ఒకే సందర్భానికి రెండు దేశాలు రెండు ముఖాలు ఎంచుకున్నాయి. సభను అంగుళం కాగితం మీద చూపించాల్సి వచ్చినప్పుడు ఎవరి ముఖం వేయాలన్న ప్రశ్న మేత్రాణుల మహాసభల తపాలా చరిత్ర అంతటా వెంటాడుతూనే ఉంది.

పోపుల రాజ్యం 1852 నుంచే బిళ్ళలు అచ్చువేసింది. 1869 డిసెంబరు 8న మొదటి వాటికన్ మహాసభ మొదలైనప్పుడు కూడా వాటి మీద ఎప్పటి తాళంచెవులూ, పోపు కిరీటమే. మరుసటి ఏడాది రోమ్ చేజారింది, బిళ్ళలూ ఆగిపోయాయి. ఆ సభకు వాటికన్ స్మారక బిళ్ళలు వేసింది నూరేళ్ళ తర్వాత, 1970లో.

1929లో వాటికన్ నగర రాజ్యం ఏర్పడ్డాక వచ్చిన సెట్లలో నాకు ఎంతో ఇష్టమైనది 1946 నాటిది. 1545లో మొదలైన ట్రెంట్ మహాసభకు నాలుగు వందల ఏళ్ళు నిండిన సందర్భం. యుద్ధం అప్పుడే ముగిసింది. ట్రెంట్ దేవాలయం, సభను పిలిచిన మూడవ పౌలు పోపు, చక్రవర్తి ఐదవ చార్లెస్, సభను నడిపిన ముగ్గురు ప్రతినిధులు దెల్ మోంతే, చెర్వీని, పోల్ అందులో ఉన్నారు. ఇంతవరకూ ఊహించగలిగిందే. కానీ 1535లోనే ఇంగ్లండులో తల తెగిన మేత్రాణి జాన్ ఫిషర్ కూడా ఉన్నాడు. ఉర్సులైన్ సభను స్థాపించి 1540లో, అంటే మహాసభకు ఐదేళ్ళ ముందే, కన్నుమూసిన ఏంజెలా మెరీచీ కూడా ఉంది. సభ గడప తొక్కని ఒక స్త్రీకి మేత్రాణుల సరసన చోటిచ్చారు. సభ అంటే కుర్చీల్లో కూర్చున్నవాళ్ళే కాదు, దానికి నేల దున్నినవాళ్ళు కూడా అని ఆ సెట్టు కూర్చినవారికి తెలుసు.

1951లో కాల్సెడాన్ మహాసభ పదిహేను వందల ఏళ్ళ పండుగకు వేసిన బిళ్ళల్లో సభ దృశ్యమే వచ్చింది. దాంతోపాటు లియో పోపు హూణుల రాజు అట్టిలాకు ఎదురునిలిచిన ఘట్టమూ ఉంది. రెండో వాటికన్ మహాసభ వచ్చేసరికి కళ్ళెదుట జరుగుతున్న సభను చూపించే వీలు చిక్కింది. అయినా 1962లో వేసిన ఎనిమిదింటిలో విశ్వాసం, నిరీక్షణ, ప్రేమల బొమ్మలు, పావురం, పేతురు కంచు విగ్రహం వంటివే ఎక్కువ. సభ ముగిశాక 1966లో వచ్చిన సెట్టులో మనుషులు కనిపిస్తారు. మేత్రాణులు కలిసి దివ్యబలి పూజ చేస్తున్నారు, ఆరవ పౌలు పోపు ఆర్థడాక్స్ పాట్రియార్క్ అథెనగోరస్‌ను పలకరిస్తున్నారు. ఒక బిళ్ళ మీద సభకు వచ్చిన మేత్రాణులకు పోపు కానుకగా ఇచ్చిన బంగారు ఉంగరం ఉంది.

ఇక ఈ మహాసభల, బిళ్ళల చరిత్రకు మన విశాఖతో ఉన్న ముడి సంగతి. 1846లో, ఇప్పుడు ఫ్రాన్సులో ఉన్న అనెసీ నుంచి వచ్చిన సలేసు ఫ్రాన్సిసు సభ గురువులు ఇక్కడ పని మొదలుపెట్టారు. 1886లో విశాఖ మేత్రాసనమైంది, 2001లో అగ్రపీఠమైంది. రోమ్‌లో మహాసభ ముగింపు బిళ్ళలు వచ్చిన 1966లోనే ఇగ్నేషియస్ గోపుగారు ఇక్కడ మేత్రాణి అయ్యారు. బొంబాయి సభ కూడా రోమ్ సభకు దూరపుదేమీ కాదు: మహాసభ మూడో విడత 1964 నవంబరు 21న ముగిస్తే, సరిగ్గా వారానికి, 28న, బొంబాయిలో 38వ అంతర్జాతీయ దివ్యసత్ప్రసాద మహాసభ మొదలైంది. అది మేత్రాణులకే పరిమితమైన సభ కాదు, విశ్వాసులందరిదీ.

తోమా బిళ్ళ వచ్చిన నాలుగు నెలలకే, 1965 ఏప్రిల్ 5న, జాతీయ నౌకా దినోత్సవానికి వేసిన 15 పైసల బిళ్ళ మీదికి విశాఖపట్నం ఎక్కింది. ఆ బిళ్ళ మీద జలఉష ఓడ ఉంది. 1948 మార్చి 14న నెహ్రూ ఇక్కడి యార్డులో నీళ్ళలోకి దింపిన ఓడ అదే. దేశం నౌకాయానాన్ని తలచుకున్నప్పుడు విశాఖ కార్మికుల చేతిపని గుర్తొచ్చింది. క్రైస్తవ మహాసభను తలచుకున్నప్పుడు ఈ నేల మీదికి వచ్చాడని చెప్పుకునే తొలి బోధకుడు గుర్తొచ్చాడు. 1973లో తోమా మరణానికి పంతొమ్మిది శతాబ్దాలైన సందర్భంలో మళ్ళీ 20 పైసల బిళ్ళ వేశారు. అందులో మద్రాసు పరంగిమలై మీది రాతి సిలువను చూపించారు. నా మటుకు ఈ రెండూ మంచి ఎంపికలే. దేశంలో పాతుకున్న విశ్వాసాన్ని విదేశీ అతిథి ముఖంతో కాక, ఇక్కడి వేళ్ళతో చూపించాయి.

2036లో విశాఖ మేత్రాసనానికి 150 ఏళ్ళు నిండుతాయి. ఆనాడు తెలుగు మేత్రాణులు ఇక్కడ కూడితే, ఒక బిళ్ళో, కనీసం ప్రత్యేక కవరో అడగాలి. అడిగేటప్పుడు 1946 నాటి సెట్టును దగ్గర పెట్టుకోవాలి. హార్బరు ముఖద్వారం పక్కన రాస్ హిల్ మీది మరియమాత గుడి ఒక్కటీ వేసి ఊరుకోకుండా, ఈ మేత్రాసనంలో బడులు నడిపిన కన్యస్త్రీలకూ, ఊళ్ళలో జపాలు నేర్పిన ఉపదేశులకూ అందులో చోటు అడగాలి.