గోల్కొండ కోటలో మన కృష్ణాతీరం

సంఘం తరపున పిల్లల్ని గోల్కొండ తీసుకువెళ్లి వచ్చిన సంగతి సభ్యులకు తెలిసినదే. విశేషాలు రాయమని కార్యదర్శిగారు కోరారు. రైలెక్కాము, దిగాము అని రాయడం మాకు చేతకాదు. మేము చరిత్ర చెప్పుకునేవాళ్లం.

అయితే రైలు సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా పిల్లవాడొకడు ఎదుటి సీటు పెద్దాయనతో కబుర్లాడుతుంటే, ఆయన "తురకలైనా తెలుగు బాగా మాట్లాడుతున్నారే" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. పిల్లవాడు మాత్రం తెల్లారేదాకా మళ్లీ నోరు విప్పలేదు.

కోట గుమ్మం దగ్గర గైడు దొరికాడు. అరవై దాటిన మనిషి. మన ఇళ్లలో వినబడే నక్కో, హౌ అతని నోటా వినబడేసరికి పిల్లలకు బెరుకు పోయింది. బాలాహిస్సార్ దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొట్టించాడు. సగంమంది పైకి పరుగెత్తి, వినబడిందని అరిచారు. శత్రువు వస్తే కొండ మీదికి కబురందే ఏర్పాటు అది.

రామదాసు చెర దగ్గర అతని గొంతు మారింది. భద్రాచలం గుడికి ఖజానా సొమ్ము ఖర్చుపెట్టిన గోపన్న కథ, రామలక్ష్మణులు వచ్చి తానాషాకు బాకీ తీర్చిన కథ చెప్పాడు. దీనికి ఆధారమేమిటని అడిగే మాస్టరు బుద్ధి మాకూ ఉంది గాని, ముసల్మాను గైడు రాముడి కథ అంత భక్తిగా చెబుతుంటే అడ్డుపడబుద్ధి కాలేదు.

వజ్రాల దగ్గర మాత్రం ఊరుకోలేకపోయాము. అవి ఈ కొండ కిందే తవ్వారన్నాడు. "ఆ గొయ్యి చూపించండి చాచా" అని ఒక పాప పట్టుపట్టింది. అప్పుడు మేమే చెప్పాల్సి వచ్చింది. వజ్రాలు గోల్కొండలో పుట్టలేదు, ఇక్కడ అమ్ముడుపోయాయి. పేరున్న గని కొల్లూరు, మనకు ఎగువన కృష్ణ ఒడ్డునే. 17వ శతాబ్దిలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అక్కడ 60 వేలమంది, ఆడా మగా పిల్లలతో సహా, పనిచేస్తున్నారని రాశాడు. కోహినూరు అక్కడిదేనంటారు. ఇప్పుడా చోటు పులిచింతల నీళ్ల కింద ఉంది.

ఇక ఈ రాజ్యానికి సముద్రం చూపించింది మన బందరు. ఇంగ్లీషువాళ్లు 1611లో అక్కడ కొట్టు పెట్టారు, డచ్చివాళ్లు అంతకు ముందే వచ్చారు. కలంకారీ గుడ్డ ఇరాన్ దాకా పోయేది. తానాషా కూడా బందరు వచ్చాడు. దారిలో కూచిపూడి వారి ఆట చూసి ఊరు రాసిచ్చాడని అక్కడివారు నేటికీ చెప్పుకుంటారు. బెజవాడ కొండ కింద గుహలకు నిలిచిన అక్కన్న మాదన్నల పేర్లు ఆయన మంత్రులవే.

రైలు పిల్లవాడు అప్పుడు అడిగాడు: "సార్, ఈ రాజులకు తెలుగు వచ్చా?" కుతుబ్‌షాహీల ఫర్మానాలు ఫారసీలోనూ తెలుగులోనూ వెలువడేవి. ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవులను పోషించాడు. పొన్నెగంటి తెలగన అచ్చతెలుగులో రాసిన 'యయాతి చరిత్రము' అంకితం పుచ్చుకున్నది అమీన్‌ఖాన్. ఈ పేరు పిల్లవాడు మాచేత రెండుసార్లు చెప్పించుకుని చేతి మీద పెన్నుతో రాసుకున్నాడు. గైడు కూడా విని, "ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు మాస్టర్ సాబ్" అన్నాడు.

1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించినా కోట లొంగలేదు. చివరికి లంచం తిన్న సర్దారు ఒకడు తలుపు తీశాడు. అబ్దుల్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలతో పడిపోయేదాకా పోరాడాడు.

సాయంత్రం సమాధుల తోటకు వెళ్లాము. పిల్లలు గుమ్మటాలు లెక్కపెట్టి, తానాషాది ఏదని అడిగారు. అది ఇక్కడ లేదు. దౌలతాబాదు కోటలో ఖైదీగా చనిపోయిన ఆయనను ఖుల్దాబాదులో పూడ్చారు. గైడు టోపీ సర్దుకుని చేతులెత్తాడు. పిల్లలు అతని వెనుక వరుసకట్టి ఫాతిహా చదివారు. మేమూ చదివాము.