బడి గంట కొట్టిన తరువాత

1861లో ఇంగ్లండు ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని నియమించింది. ఈటన్ పాఠశాల ఆదాయవ్యయాలను గూర్చి, భవనాల దుస్థితిని గూర్చి, నిర్వాహకుల పద్ధతులను గూర్చి రేగిన ఆందోళన దీనికి మూలం. క్లారెండన్ ప్రభువు అధ్యక్షతన ఏర్పడిన ఆ సంఘం ఒక్క ఈటన్‌తో ఆగక తొమ్మిది ప్రసిద్ధ పాఠశాలలను పరిశీలించి 1864లో నివేదిక సమర్పించింది. ఈటన్, వించెస్టర్, హేరో, రగ్బీ, ష్రూస్‌బరీ, వెస్ట్‌మినిస్టర్, చార్టర్‌హౌస్ అనే ఏడింటిలోను విద్యార్థులు ప్రధానంగా అక్కడనే నివసించి చదువుకొనేవారు. తక్కిన రెండు, సెయింట్ పాల్స్, మర్చంట్ టైలర్స్, లండన్ నగరం నడుమ ఉన్న పగటి బడులు. పిల్లలు ఉదయం ఇంటినుండి వచ్చి, గంట కొట్టగానే ఇంటికి పోతారు.

1868లో చట్టం వెలువడేసరికి ఏడే మిగిలినవి. నగరపు బడులు రెండూ తమ నిర్మాణాన్ని బట్టి తాము ప్రైవేటు పాఠశాలలమని చెప్పి తప్పుకొన్నవి. న్యాయవాదులకు ఇది చిన్న సంగతి. కాని 'పబ్లిక్ స్కూలు' అనగానే ఆవాస పాఠశాల రూపమే లోకం కళ్ళలో నిలిచిపోవడానికి ఈ చట్టం కూడ తోడ్పడినది. ఆ మాటలోని 'పబ్లిక్' అంటే ప్రజలందరిదీ అని మాత్రం శ్రోతలు భ్రమపడరాదు.

నగరపు బడి ఆశయం ఏమిటో తెలియాలంటే 1509కి పోవాలి. సెయింట్ పాల్ దేవాలయ ప్రధానాచార్యుడైన జాన్ కాలెట్ తన సొత్తు వెచ్చించి 153 మంది బాలురకు ఉచితంగా చదువు చెప్పే పాఠశాల స్థాపించినాడు. బైబిలు కథలో ఒకచోట వలలో పడిన చేపల సంఖ్య అదే. తాను మతాచార్యుడై ఉండి కూడ పాఠశాల పోషణను మతాచార్యులకు కాక మెర్సర్లనే వస్త్రవర్తకుల సంఘానికి అప్పగించినాడు. కుటుంబం గల పౌరులను నమ్మినాడన్న మాట. ఆయన వ్రాసిన నిబంధనలలో ఒకటి నాకు ఎంతో ఇష్టం. పిల్లలు చదువుకొనే వేళ కొవ్వుతో చేసిన వత్తులు వాడరాదు, మైనపు వత్తులే వాడాలి. వాటి ఖర్చు పిల్లల తాలూకు వారే భరించాలి. చదువు బడిది, దీపం ఇంటిది.

ఆవాస పాఠశాలల పుట్టుక వేరు. 1382లో వెలసిన వించెస్టరు, 1440లో ఆరవ హెన్రీ నెలకొల్పిన ఈటను, రెండూ డెబ్బదిమంది పేద విద్యార్థులకు తిండి, వసతి, చదువు కల్పించడానికి పుట్టినవే. ధనికుల పిల్లలు తరువాత చేరినారు. ఈటన్‌లో వారు ఊరిలో 'డేములు' అనే గృహిణుల ఇండ్లలో డబ్బిచ్చి దిగేవారు. మన పూటకూళ్ళ ఇండ్ల వంటివే అవి. క్రమంగా వారి సంఖ్య పెరిగి, పేదల బడి ప్రభువుల బడి అయినది. పందొమ్మిదవ శతాబ్దంలో రైలు వచ్చి దూరం తగ్గించినది. సామ్రాజ్యం పెరిగి తండ్రులను ఇండియాకు, ఇతర దేశాలకు పంపినది. తల్లిదండ్రులు సముద్రం ఆవల ఉంటే పిల్లవాడు సాయంకాలం ఏ ఇంటికి పోతాడు? ఆ ప్రశ్నకు ఆవాస పాఠశాల సమాధానమైనది. క్లారెండన్ సంఘం ఆ బడులలో గ్రీకు, లాటిను తప్ప తక్కినవి సరిగా నేర్పడం లేదనీ, సామాన్య విద్యార్థికి అవి కూడ అంతంతమాత్రంగానే వస్తున్నవనీ కనిపెట్టింది. అయినా శీలనిర్మాణాన్ని మెచ్చుకొన్నది. చదువు తక్కువైనా ఫరవాలేదనిపించే ఆ మెప్పు నాకు ఎప్పుడూ రుచించలేదు.

మన దేశీయులు ఇద్దరు ఈ రెండు త్రోవలలోను నడిచినారు. 1905లో జవాహర్‌లాల్ నెహ్రూ హేరోలో చేరినాడు. అక్కడి వాతావరణం తనకు ఇరుకనిపించి 1907లో కేంబ్రిడ్జికి వెళ్ళిపోయినా, విడిచిపోయే వేళ కంట తడి వచ్చినదని తన ఆత్మకథలో ఒప్పుకొన్నాడు. అంతకు రెండు దశాబ్దాల ముందు, 1884లో, అరవిందుడు సెయింట్ పాల్స్‌లో ప్రవేశించినాడు. ఆ ఏడే పాఠశాల హామర్‌స్మిత్‌లోని కొత్త భవనానికి మారింది. ప్రధానోపాధ్యాయుడు వాకర్ ఈ బాలుని ప్రతిభ గుర్తించి, గ్రీకులో స్వయంగా శ్రద్ధ తీసుకొన్నాడు. బడి తన పని లోపం లేకుండా చేసినది. కాని తండ్రినుండి సొమ్ము సరిగా రాక, కొంతకాలం అన్నదమ్ములు ఒక క్లబ్బు గదిలో తలదాచుకొన్నారు. ఉదయం కొద్దిపాటి రొట్టె, టీ. సాయంకాలం చవకరకం తినుబండారం. లండన్ చలిలో అదే ఆహారం. కాలెట్ కోరిన దీపం పంపడానికి అక్కడ ఇల్లే లేదు. అయినా ఆ కుర్రవాడు కేంబ్రిడ్జి కింగ్స్ కళాశాలలో విద్యార్థివేతనం గెలుచుకొన్నాడు. దానిని పగటి బడి ఘనతగా చూపడం న్యాయం కాదు. అది అతని ఘనత.

ఇల్లు లేని పట్నంలో పగటి బడికి పోవడమెట్లో మన పూర్వులకు బాగా తెలుసు. వారాలు చేసుకొని చదివినవారు మన జిల్లాలలో ఎందరు! ఏడు రోజులకు ఏడు ఇండ్లు. ఆ తలుపులు ఏ కులపు బాలునికి తెరుచుకొనేవో, ఎవరికి మూసి ఉండేవో వేరే చెప్పనక్కరలేదు. టంగుటూరి ప్రకాశం తల్లి సుబ్బమ్మగారు భర్త పోయిన తరువాత ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి బిడ్డలను చదివించుకొన్నది. ఈటన్ గృహిణి ప్రభువుల పిల్లలకు వండిపెట్టి జీవించినది. ఈ తల్లి పరులకు వండిపెట్టి తన బిడ్డకు చదువు సంపాదించినది.

హైదరాబాదులో మరొక మార్గం కనిపించింది. 1918లో, తరువాత నగర కొత్వాలుగా పేరు పొందిన వెంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి హాస్టలు వెలసింది. తెలంగాణపు పల్లెలనుండి వచ్చిన బాలురు అక్కడ నివసించి, నగరంలోని బడులకు పోయి వచ్చేవారు. రావి నారాయణరెడ్డి ఆ వసతిలో ఉండి చదివినవాడే. హాస్టలులో తరగతులు లేవు, పాఠాలు చెప్పే గురువులు లేరు. సాయంకాలం తిరిగివచ్చిన పిల్లలకొరకు ఒక గ్రంథాలయం మాత్రం ఉండేది.