నల్లగొండ మోకాళ్ళు

నా చిన్నతనంలో మా నల్లగొండ పల్లెల్లో గారపళ్ళు లేనివాడే వింతగా కనిపించేవాడు. ముసలివారు మెడ తిప్పలేక మనిషంతా తిరిగి చూడడం వయసు తెచ్చిన మార్పేననుకొనేవాళ్ళం. నీళ్ళలో ఏదో ఉన్నదని పెద్దలకు తెలుసు. దాని పేరు ఫ్లోరైడ్ అని నేను బడిలో చదువుకొన్నాను.

మా గ్రానైటు రాళ్ళలోని ఖనిజాల నుండి అది బావినీటిలోకి కరుగుతుంది. నీటిలో కాల్షియం తక్కువై, క్షారగుణం హెచ్చయినప్పుడు మరింత కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించింది.

ఈ వ్యాధిని మన దేశంలో 1937లో నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో షార్ట్ బృందం వర్ణించింది. 1955లో డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ నల్లగొండ జిల్లా రోగులను గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాశారు. వెన్నెముక గట్టిపడి వంగిపోవడమే అప్పటివరకు దాని ముఖ్యలక్షణం.

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గార్లు లాన్సెట్ పత్రికలో మరొక రూపాన్ని చూపించారు. ఎదిగే వయసు పిల్లల మోకాళ్ళు ఒకదానికొకటి ఒరుసుకొంటూ, పాదాలు ఎడంగా జరిగిపోతున్నాయి. వైద్యులు దీనిని జెను వాల్గమ్ అంటారు. వెన్నెముక గట్టిపడుతూ ఉంటే, కాళ్ళ ఎముకలు గుల్లబారుతున్నాయి. ఒకే దేహంలో ఈ రెండూ ఎట్లా సంభవించాయి? నీటిలో ఫ్లోరైడ్ తరతరాలుగా ఉన్నదే గదా!

సమాధానం కోసం పరిశోధకులు బావి దగ్గర నుండి అంబలికుండ దగ్గరికి వచ్చారు. జొన్న తినేవారి దేహంలో, వరి తినేవారికంటె, ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తున్నదని 1977లో తేలింది. జొన్నలో మాలిబ్డినం హెచ్చితే దేహం నుండి రాగి ఎక్కువగా పోతుందని కూడా చూశారు. ఎముక బలానికి రాగి అవసరం. 1955లో శంకుస్థాపన జరిగి 1967లో ప్రారంభమైన నాగార్జునసాగర్ నీటి ఊటవల్ల భూగర్భజలం పైకి వచ్చి, నేల క్షారగుణం పెరిగి, పంటకు మాలిబ్డినం ఎక్కువగా అందిందని ఒక ఊహ. అదే నిజమైతే, చేలను తడిపిన నీరే కొందరు పిల్లల మోకాళ్ళను వంచిందన్నమాట. ఈ మాట చెప్పడానికి నాకు కష్టంగానే ఉన్నది.

తార్నాకలో ఆ పోషకాహార సంస్థకు సమీపంలోనే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఉన్నది. కర్బన సంశ్లేషణకు పేరొందిన చోటు. ఆ విద్య ఫ్లోరిన్‌ను కర్బనానికి గట్టిగా ముడివేసి మందు చేస్తుంది, సిప్రోఫ్లాక్సాసిన్ అట్లాంటిదే. అదే మూలకం విడి అయానుగా నీటిలో తిరిగితే ఎముక ఖనిజంలోని హైడ్రాక్సిల్ చోటును ఆక్రమిస్తుంది. మూలకం ఒకటే, అది దేనితో కట్టుబడి ఉన్నదన్నదే అసలు సంగతి.

నాగపూరు నీరీ సంస్థ 1970ల మధ్యలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే విధానాన్ని రూపొందించింది. ప్రపంచమంతటా దానిని నల్లగొండ పద్ధతి అనే పిలుస్తారు. పేరు దక్కినంత సులభంగా పల్లెలకు మంచినీరు దక్కలేదు. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీచేశారు. ఆ నిరసన నీటికోసమే. 2016లో మొదలైన మిషన్ భగీరథ నదీజలాన్ని ఇండ్లకు తెచ్చింది.

నేడు మా ఊరి పిల్లలు తెల్లని పళ్ళతో నవ్వుతుంటే సంతోషమే. కాని అరుగు మీద కూర్చున్నవారి మోకాళ్ళను ఏ నీరూ తిరిగి నిలబెట్టదు. ఒకప్పుడు లాన్సెట్ పుటల కెక్కిన ఆ అరుదైన వ్యాధి వారికి మాత్రం ఇంకా చరిత్ర కాలేదు.